ముందు మీ నోటితో చెప్పండి



ఈ పూట నేను మాట్లాడబోయే విషయం మన విశాఖలో చాలా ఇళ్లలో గొంతు తగ్గించి మాట్లాడుకునేది. యూనిఫాం వేసుకున్న కుర్రాడు. నేవీ కావచ్చు, ఆర్మీ కావచ్చు, కోస్ట్ గార్డ్ కావచ్చు. ఓ రాత్రి తాగి బండి నడుపుతూ పోలీసులకు దొరికాడు. తెల్లారేసరికి ఇంట్లో ఒకటే ప్రశ్న. ఉద్యోగం ఉంటుందా, ఊడుతుందా?

జవాబు ముందే చెప్పేస్తాను. మీలో కొందరు వంట చేసుకుంటూ వింటుంటారు, కొందరు ఆటోలో వెళ్తూ వింటుంటారు, సగంలో ఆపేయాల్సి రావచ్చు. మొదటిసారి దొరికాడు, ఎవరికీ దెబ్బ తగల్లేదు, ఆ సంగతి దాచకుండా పై అధికారికి తనే చెప్పుకున్నాడు. అలాంటప్పుడు ఉద్యోగం నిలబడే అవకాశం ఎక్కువ. మరోసారి చెబుతాను. మొదటిసారి, ఎవరికీ దెబ్బ తగల్లేదు, తనే చెప్పుకున్నాడు. ఈ మూడూ ఉంటే పోయిన పేరు మళ్లీ తెచ్చుకోవచ్చు. కాకపోతే ఏళ్లు పడుతుంది.

ఈ మాట విశాఖ నుంచి చెప్పడానికి కారణం ఉంది. 1968 నుంచీ తూర్పు నౌకాదళానికి ఇది ముఖ్య కేంద్రం. ఇక్కడ యూనిఫాం కొత్త కాదు. మల్కాపురం, సింధియా, గాంధీగ్రామ్, నాడ్ కొత్తరోడ్డు... ఈ వీధుల్లో ఏ అద్దె ఇంటి తలుపు తట్టినా లోపల ఓ సెయిలర్ కుటుంబం ఉంటుంది. ఇక శ్రీకాకుళం, విజయనగరం పల్లెల సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. అక్కడ కొడుక్కి ఫౌజులో ఉద్యోగం వచ్చిందంటే ఊరంతటికీ పండగే. ఆ ఉద్యోగం ఒక్క రాత్రిలో పోతుందేమోనన్న భయం కూడా ఆ ఇంటితో ఆగదు, ఊరంతా పాకుతుంది.

ఒక కుర్రాణ్ణి ఊహించుకుందాం. పేరు ఎందుకు, మన కుర్రాడే. శ్రీకాకుళం జిల్లా. ఒడిశాలోని ఐఎన్ఎస్ చిల్కాలో శిక్షణ అయింది. ఇప్పుడు విశాఖలో ఓడ మీద పని. గాజువాకలో స్నేహితుడి కొడుకు పుట్టినరోజు. మూడు పెగ్గులు పడ్డాయి. "నాకేం కాలేదురా, నేను బాగానే ఉన్నాను" అంటూ బండి తీశాడు. ఈ మాట తాగిన ప్రతివాడూ అంటాడు. నాడ్ జంక్షన్ దగ్గర పోలీసులు ఆపారు. ఊదమన్నారు.

చట్టం చెప్పే అంకె ఒక్కటే గుర్తుపెట్టుకోండి. 30. వంద మిల్లీలీటర్ల రక్తంలో ముప్ఫై మిల్లీగ్రాముల ఆల్కహాల్ దాటితే నేరం. మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్. మొదటిసారి ఆరు నెలల వరకు జైలు, లేదా పదివేల జరిమానా, లేదా రెండూ. రెండోసారి దొరికితే రెండేళ్ల వరకు జైలు, లేదా పదిహేను వేల జరిమానా, లేదా రెండూ. హెల్మెట్ లేదని రోడ్డు మీదే చలానా కట్టేసి వెళ్లిపోయే వ్యవహారం కాదిది. కోర్టుకి వెళ్లాలి. లైసెన్సు సస్పెండ్ అవుతుంది.

ఆ నిమిషంలో మన కుర్రాడి బుర్రలో మూడు ఆలోచనలు వస్తాయి. బండి తిప్పేసి పారిపోదామని ఒకటి. ఊదనని మొండికేద్దామని ఇంకోటి. ఐడీ కార్డు చూపించి "సార్, నేను నేవీ" అందామని మూడోది. నా మాట వినండి, మూడూ వద్దు. పారిపోతే తాగిన తప్పుకి ఇంకో తప్పు తోడవుతుంది. ఆ కంగారులో ఎవరినైనా గుద్దితే ఇక చెప్పడానికి ఏమీ మిగలదు. ఊదనంటే పోలీసు వారెంటు లేకుండానే అరెస్టు చేయొచ్చు, ఆ నిరాకరణ కోర్టులో మనకే ఎదురు తిరుగుతుంది. ఇక ఐడీ కార్డు. అడిగితే చూపించండి, నిజం చెప్పండి. తప్పించుకోవడానికి మాత్రం దాన్ని బయటికి తీయకండి. ఆ కార్డు మీద అశోక స్తంభం ఉంది. రోడ్డు మీద బేరానికి పెట్టే వస్తువు కాదది.

అరెస్టు చేస్తే రెండు గంటల లోపు డాక్టరు పరీక్ష చేయించాలని చట్టంలో ఉంది. అది మీ హక్కు, అడగండి. గొడవ పడకండి. బండి అక్కడే వదిలేయండి. ఇంటికి ఆటోలో వెళ్లండి.

ఇప్పుడు అసలు రాత్రి మొదలవుతుంది. ఇల్లు చేరాడు. మత్తు దిగింది. నిద్ర పట్టదు. పక్కన భార్య అడుగుతుంది. "ఎవరికైనా తెలిసిందా?" స్నేహితుడు ఫోన్ చేస్తాడు. "ఊరుకోరా, ఎవరికీ చెప్పకు, ఫైన్ కట్టేద్దాం, యూనిట్ వరకూ పోదు." ప్రేమతోనే అంటాడు. కానీ నా లెక్కలో ఆ రాత్రి విన్న మాటలన్నిటిలోకీ ప్రమాదమైనది అదే.

ఎందుకో చెబుతాను. యూనిఫాం వేసుకున్నవాడి మీద రెండు చట్టాలుంటాయి. మనందరికీ ఉన్న చట్టం ఒకటి, సర్వీసు చట్టం ఇంకొకటి. ఆర్మీ చట్టం 48వ సెక్షన్ తీసుకోండి. డ్యూటీలో ఉన్నా లేకపోయినా మత్తులో కనబడితే నేరమే. సిపాయికి డ్యూటీలో ఉండగా అయితే రెండేళ్ల వరకు, డ్యూటీలో లేనప్పుడు అయితే ఆరు నెలల వరకు శిక్ష పడొచ్చు. 1957 నాటి నేవీ చట్టంలోనూ తాగుడు నేరమే. సెలవులో ఉన్నాను, సివిల్ డ్రెస్సులో ఉన్నాను అంటే కుదరదు. పైగా కోర్టు కేసు దాగేది కాదు. కేసుల వివరాలు ఇవాళ ఇంటర్నెట్లో ఎవరైనా చూడొచ్చు. సమన్లు వస్తాయి. పోలీసులు యూనిట్‌కి తెలియజేస్తారు. అంటే ఎలాగూ తెలుస్తుంది. ఎవరి నోటి నుంచి ముందు తెలుస్తుందన్నదే తేడా.

ఆ తేడాలోనే ఉద్యోగం ఉంది. అందుకే ఈ మాట పదేపదే అంటున్నాను. ముందు మీ నోటితో చెప్పండి.

బీచ్ రోడ్డులో ఐఎన్ఎస్ కుర్సురా జలాంతర్గామి ఉంది కదా, 2002 నుంచి మ్యూజియంగా. మీలో చాలామంది పిల్లల్ని తీసుకుని లోపలికి వెళ్లే ఉంటారు. తల వంచుకుని, ఒకరి వెనక ఒకరు నడిచి, ఇటు ఎక్కి అటు దిగి ఉంటారు. ఆ ఇరుకు గుర్తుందా? గోడల నిండా చక్రాలు, గొట్టాలు, వాల్వులు. నీళ్ల కింద ఉన్నప్పుడు "ఆ వాల్వు మూశావా?" అని అడిగితే, "మూశాను సర్" అని లోపలి నుంచి జవాబు వస్తుంది. ఒక్కోసారి ఆ మాటే ఆధారం. ఆ జవాబు అబద్ధమైతే లోపల ఉన్నవాళ్లంతా పోతారు. మూయడం మరిచిపోతే మరిచిపోయానని చెప్పేవాడు కావాలి. అప్పుడు పరుగెత్తి మూస్తారు. మరిచిపోయి కూడా మూశానని చెప్పేవాడితో ఎవరూ సముద్రం కిందకి వెళ్లరు.

అందుకే సర్వీసులో మీ తప్పు ఎంత పెద్దదో చూస్తారు, దాన్ని మీరు చెప్పారా దాచారా అన్నది కూడా చూస్తారు. తాగి బండి నడపడం పెద్ద తప్పు, ప్రాణాలు తీసే తప్పు. దాన్ని నేను తక్కువ చేయడం లేదు. కానీ దాచి దొరికితే తప్పు ఒకటి కాదు, రెండు. రెండోది ఎక్కువకాలం వెంటాడుతుంది.

ఎలా చెప్పాలి? నేవీలో ప్రతి సెయిలర్‌కీ ఒక డివిజనల్ ఆఫీసర్ ఉంటాడు. మీ మంచిచెడ్డలు చూడటం ఆయన పనిలో భాగం. పొద్దున్నే ఆయన దగ్గరికి వెళ్లండి. నాలుగు ముక్కలు చాలు. "సర్, నిన్న రాత్రి తాగి బండి నడుపుతూ నాడ్ దగ్గర దొరికాను. మీటరు ఇంత చూపించింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. కోర్టు తేదీ ఇది." అంతే. స్నేహితుడు బలవంతం చేశాడనీ, మీటరు తప్పు చూపించిందనీ కథలు చెప్పకండి. మీటరు నిజంగానే తప్పనిపిస్తే ఆ మాట వకీలు ద్వారా కోర్టులో చెప్పండి, అది మీ హక్కు. ఆఫీసర్ ముందు మాత్రం జరిగింది జరిగినట్టు చెప్పండి. ఆర్మీలో అయితే కంపెనీ కమాండర్ ఉంటాడు, సుబేదార్ సాబ్ ఉంటాడు. పద్ధతి అదే.

తర్వాత ఏమవుతుంది? శిక్ష ఉంటుంది. లేదని భ్రమ పెట్టను. కమాండింగ్ ఆఫీసర్ ముందు నిలబడాలి. జీతంలో కోత పడొచ్చు. సెలవు ఆగొచ్చు. రాబోయే ప్రమోషన్ వెనక్కి పోవచ్చు. నేవీలో సెయిలర్లకి గుడ్ కాండక్ట్ బ్యాడ్జి అని ఉంటుంది. కొన్నేళ్లు మచ్చలేకుండా పనిచేస్తే వస్తుంది. తప్పు చేస్తే తీసేస్తారు. మొన్నటి వరకూ ఉన్న బ్యాడ్జి ఇవాళ లేదంటే మెస్‌లో అందరికీ తెలిసిపోతుంది. ఆ సిగ్గు జరిమానా కంటే ఎక్కువ బాధపెడుతుంది. కానీ తీసేసిన బ్యాడ్జిని సత్ప్రవర్తనతో మళ్లీ సంపాదించుకునే దారి కూడా నేవీలోనే ఉంది. అంటే తప్పు చేసినవాడు తిరిగి రావచ్చని ఆ నిబంధన రాసినవాళ్లకే తెలుసు.

ఒక పాత కథ చెబుతాను. ఇది తాగుడు కథ కాదు, ముందే చెబుతున్నాను. నౌకాదళంలో పడి లేచినవాడి కథ. 1908 జులై. ఫిలిప్పీన్స్ తీరం. అమెరికా నేవీలో ఇరవై మూడేళ్ల ఓ కుర్ర ఆఫీసరు. డెకటూర్ అనే యుద్ధనౌక అతని చేతిలో ఉంది. చీకట్లో దాన్ని బురదమేట ఎక్కించేశాడు. ఓడ దిగబడిపోయింది. మర్నాడు ఇంకో ఓడ వచ్చి లాగాల్సి వచ్చింది. కోర్టు మార్షల్ జరిగింది. విధినిర్వహణలో నిర్లక్ష్యం అని తేల్చి, అభిశంసించారు. నావికుడికి ఓడని మేట ఎక్కించడం కంటే తలవంపు ఏముంటుంది? అతని పని అయిపోయిందనే ఎవరైనా అనుకుంటారు.

ఆ కుర్రాడి పేరు చెస్టర్ నిమిట్జ్. రెండో ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ సముద్రంలో అమెరికా నౌకాదళాన్ని నడిపింది ఆయనే. 1945లో జపాన్ లొంగుబాటు పత్రం మీద అమెరికా తరఫున సంతకం పెట్టిందీ ఆయనే. ఆయన పేరు పెట్టిన విమానవాహక నౌక 2007లో మన బంగాళాఖాతంలోకే, చెన్నై తీరానికి వచ్చింది. మేట ఎక్కించినవాడి పేరు మీద ఓడ! 1908లో ఆయన రికార్డు మీద పడ్డ మచ్చ చెరిగిపోలేదు, ఇవాళ్టికీ ఉంది. దాని తర్వాత రాసిన పేజీలు ఎక్కువయ్యాయి, అంతే.

మన దేశంలోకి వద్దాం. ఆర్మీలో రెడ్ ఇంక్ ఎంట్రీ అంటారు. పెద్ద శిక్ష పడితే రికార్డులో ఎర్ర సిరాతో నమోదు. నాలుగు ఎర్ర గీతలు పడితే ఇంటికి పంపేస్తారని సిపాయిల్లో ఓ నమ్మకం ఉంది. నిజంగానే అలా పంపిన సందర్భాలున్నాయి. 2015లో సుప్రీంకోర్టు దీని మీద ఒక ముఖ్యమైన తీర్పు ఇచ్చింది. వీరేంద్ర కుమార్ దూబే కేసు. కోర్టు ఏమందంటే, నాలుగు ఎంట్రీలు ఉన్నాయి కదా అని లెక్కపెట్టి పంపేయడం కుదరదు. ఆ తప్పులు ఎలాంటివో చూడాలి. ఎంతకాలం సర్వీసు చేశాడో చూడాలి. ఎంత కష్టమైన చోట్ల పనిచేశాడో చూడాలి. పెన్షన్‌కి దగ్గరలో ఉన్నాడేమో చూడాలి. ముందు విచారణ జరపాలి. ఇన్నీ చూశాకే నిర్ణయం. ఆ సైనికుడికి పెన్షన్ అందేలా కోర్టు ఆదేశించింది.

సిపాయికైనా సెయిలర్‌కైనా మామూలుగా పెన్షన్‌కి పదిహేనేళ్ల సర్వీసు కావాలి. పన్నెండో ఏట, పదమూడో ఏట ఇంటికి పంపితే ఆ కుటుంబం గతేమిటి? ఈ తీర్పు వెనక ఆ ప్రశ్న ఉంది.

అయితే దీని రెండో ముఖం కూడా చెప్పాలి, లేకపోతే మిమ్మల్ని మోసం చేసినట్టే. 2019లో అదే సుప్రీంకోర్టు ఇంకో సిపాయి కేసు విన్నది. మళ్లీ మళ్లీ సెలవు లేకుండా గైర్హాజరైన మనిషి. ఆయన్ని పంపేయడం సరైనదేనని తీర్పు ఇచ్చింది. రెండు తీర్పులూ పక్కపక్కన పెట్టుకుంటే మన కుర్రాడికి దారి కనబడుతుంది. తప్పు చేసినవాడి కథ పూర్తిగా వింటారు. అదే తప్పు మళ్లీ మళ్లీ చేసేవాడి కథ వినే ఓపిక ఎవరికీ ఉండదు.

అంటే రెండోసారి ఉండకూడదు. ఇది గట్టిగా చెప్పాలి. రెండోసారి ఉండకూడదు.

ఇక్కడ భార్యలతో, తల్లులతో ఒక మాట మాట్లాడాలి. అమ్మా, మీ ఇంట్లో జరిగింది ఒక్క రాత్రి పొరపాటా, లేక రోజూ జరిగేదేనా? ఈ ప్రశ్నకి నిజమైన జవాబు మీకే తెలుసు. పుట్టినరోజు నాడు మూడు పెగ్గులు తాగినవాడు వేరు. పొద్దున లేస్తే చేతులు వణికేవాడు, సీసా దాచుకునేవాడు, సాయంత్రం అయ్యేసరికి కోపం ఆపుకోలేనివాడు వేరు. రెండోది జబ్బు. తిట్టినంత మాత్రాన, ఒట్టు వేయించుకున్నంత మాత్రాన తగ్గదు. తలనీలాలు ఇస్తాననీ, సింహాచలం మెట్లు ఎక్కిస్తాననీ మొక్కుకుంటారు. ఎక్కించండి, మంచిదే. తర్వాత ఆస్పత్రికి కూడా తీసుకెళ్లండి.

చాలామంది భయం ఏమిటంటే, మిలటరీ ఆస్పత్రిలో తాగుడు జబ్బని రాస్తే ఉద్యోగం పోతుందని. నిజం చెబుతాను. ఆరోగ్యపరంగా కింది స్థాయిలో, అంటే లో మెడికల్ కేటగిరీలో పెడతారు. కొంతకాలం పరిశీలనలో ఉంచుతారు. ఆయుధాలకీ కొన్ని డ్యూటీలకీ దూరంగా పెట్టొచ్చు. నెలల తరబడి పరీక్షలుంటాయి. మానేసి నిలబడితే కేటగిరీ మళ్లీ పైకి తెచ్చుకోవచ్చు. మానలేక మళ్లీ మొదలుపెడితే ఇంటికి పంపొచ్చు, అదీ నిజమే. కానీ వైద్యం చేయించుకోకుండా దాచుకున్నవాడికి ఎదురయ్యేది ఏమిటి? ఇంకో రాత్రి, ఇంకో జంక్షన్, ఇంకో కేసు. లేదా అంతకంటే ఘోరం.

ఆ ఘోరం గురించి కూడా మాట్లాడాలి. 2006 నవంబరు. ముంబయి, బాంద్రా, కార్టర్ రోడ్డు. తెల్లవారకముందే ఒక కారు ఫుట్‌పాత్ మీదకి దూసుకెళ్లింది. నడిపినవాడు తాగి ఉన్నాడు. అక్కడ కూలీలు నిద్రపోతున్నారు. ఏడుగురు పోయారు. పగలంతా రోడ్డు పని చేసి ఆ పక్కనే పడుకున్నవాళ్లు. 2012లో సుప్రీంకోర్టు అతనికి పడ్డ శిక్షని ఖాయం చేస్తూ, ఇలాంటిది కేవలం నిర్లక్ష్యం కాదు, హత్య కాని నరహత్య కిందికి రావచ్చని చెప్పింది. ఇప్పటి భారతీయ న్యాయ సంహితలో ఆ నేరానికి పదేళ్ల వరకు, ఒక్కో సందర్భంలో యావజ్జీవం దాకా శిక్ష ఉంది.

మన ఊళ్లో రాత్రివేళ రోడ్డు మీద ఎవరుంటారు? ఆలోచించండి. స్టీల్ ప్లాంటులో బి షిఫ్టు దిగి కూర్మన్నపాలెం మీదుగా బండి మీద ఇంటికెళ్లే కార్మికుడు. చీకటితోనే గంపలు పట్టుకుని ఫిషింగ్ హార్బర్‌కి బయల్దేరే ఆడవాళ్లు. రోడ్లూడ్చే పారిశుధ్య కార్మికురాలు. పోర్టు రోడ్డు పక్కన లారీ కింద చాప పరుచుకున్న క్లీనరు కుర్రాడు. మన కుర్రాడి బండి వాళ్లలో ఒకరికి తగిలి ఉంటే ఈ ప్రసంగమే ఉండేది కాదు. అప్పుడు ఉద్యోగం ఎలా నిలబెట్టుకోవాలి అని అడిగే హక్కు కూడా నా దృష్టిలో ఉండదు. నాడ్ జంక్షన్‌లో ఆపిన ఆ కానిస్టేబుల్ మీద మనకి కోపం వస్తుంది కానీ, ఆయన ఆపబట్టే ముందున్న రోడ్డంతా ఆ రాత్రి క్షేమంగా ఉంది.

మన విశాఖ కోర్టు ఆమధ్య ఒక పని చేసింది, మీలో కొందరికి గుర్తుండే ఉంటుంది. తాగి బండి నడిపి దొరికినవాళ్లని ఆర్కే బీచ్ శుభ్రం చేయమంది. పట్టపగలు, అందరూ చూస్తుండగా, ఇసుకలో చెత్త ఏరారు. కొందరు నవ్వారు. నాకు మాత్రం అది మంచి తీర్పనిపించింది. డబ్బున్నవాడు పదివేలు కట్టేసి మరిచిపోతాడు. వంగి ఏరిన చెత్తని మరిచిపోవడం కష్టం.

మళ్లీ మన కుర్రాడి దగ్గరికి వద్దాం. శిక్ష పడింది. బ్యాడ్జి పోయింది. ఇప్పుడేం చేయాలి? ముందుగా బండి తాళం ఇంట్లో ఇచ్చేయాలి. లైసెన్సు తిరిగి వచ్చేదాకా నడపకూడదు, ఒక్క కిలోమీటరు కూడా. సస్పెన్షన్‌లో ఉండగా నడిపి దొరికితే ఇంతసేపు చెప్పినదంతా వృథా. తాగుడు పూర్తిగా మానేయమనే నా సలహా. తగ్గిస్తాను అనే మాట నిలబడదు. ఓడ మీద ఎవరూ ఇష్టపడని డ్యూటీ ఉంటే ముందుకు వచ్చి తీసుకోవాలి. కోర్సులుంటే రాయాలి, పాసవ్వాలి. ఏటా రాసే రిపోర్టులో ఆఫీసర్ ఒక వాక్యం రాయగలగాలి. తప్పు తర్వాత ఇతను మారాడు అని. ఆ వాక్యం మొదటి ఏడాది రాదు. రెండో ఏడాది రావచ్చు. మూడో ఏడాది ఇంకో ఆఫీసర్ వస్తాడు, ఆయనకి మీరెవరో తెలియదు, పాత కాగితమే కనబడుతుంది. అప్పుడు మనసు విరిగిపోతుంది. చాలామంది వెనక్కి జారేది సరిగ్గా అక్కడే. ఆ ఏడాది ఇంట్లోవాళ్లు పక్కన ఉండాలి. "ఇంకా ఎన్నాళ్లు?" అని అడగకండి.

ఊళ్లో ఉన్న పెద్దలకి కూడా ఒక మాట. కుర్రాడు సెలవులో వచ్చాడంటే క్యాంటీన్ సీసా కోసం ఇంటి ముందు మూగకండి. "మిలటరీ రమ్ము తెచ్చావా?" అన్నది మన పల్లెల్లో పలకరింపు అయిపోయింది. మానాలని పళ్లు బిగించుకుని వచ్చినవాడికి ఆ పలకరింపు ఎంత బరువో ఆలోచించండి. కొంచెం పుచ్చుకుంటే ఏం కాదులే అని గ్లాసు చేతిలో పెట్టే బావగారు, ఆ గ్లాసు తర్వాత జరిగేదానికి పూచీ పడరు.

సాయం కావాలంటే ఎక్కడ అడగాలి? కాగితం, పెన్ను దగ్గర పెట్టుకోండి. రెండు నంబర్లు చెబుతాను. మనసు బాగోలేకపోతే, తాగుడు మీద అదుపు తప్పిందనిపిస్తే టెలి మానస్, 14416. మరోసారి, ఒకటి నాలుగు నాలుగు ఒకటి ఆరు. మత్తు మానిపించే సలహా కోసం 14446. ఒకటి నాలుగు నాలుగు నాలుగు ఆరు. ఈ ఫోన్లు యూనిఫాం ఉన్నవాళ్లకే కాదు, వాళ్ల ఇంట్లోవాళ్లకి కూడా. విశాఖలో పెదవాల్తేరు వైపు ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. సర్వీసులో ఉన్నవాళ్లకి నేవీ ఆస్పత్రి ఐఎన్‌హెచ్ఎస్ కల్యాణి ఉంది. మీ యూనిట్ డాక్టరుని అడిగితే దారి చూపిస్తారు.

ఇంకొక్క విషయం ఉంది. ఇది ఇంకా యూనిఫాం వేసుకోనివాళ్లకి. తెల్లవారుజామున మైదానాల్లో పరుగులు తీస్తున్న తమ్ముళ్లకి. అగ్నివీర్ కోసం, నేవీ కోసం, సీఐఎస్ఎఫ్ కోసం తయారవుతున్నవాళ్లకి. మీలో ఎవరైనా డిసెంబరు 31 రాత్రి బీచ్ రోడ్డులో తాగి బండి నడుపుతూ దొరికి, కోర్టులో జరిమానా కట్టి ఉండొచ్చు. ఎంపికయ్యాక ఒక ఫారం ఇస్తారు. మీ మీద ఎప్పుడైనా కేసు ఉందా, అరెస్టు అయ్యారా, శిక్ష పడిందా అని అడుగుతారు. ఆ గడిలో "లేదు" అని రాయాలనిపిస్తుంది. కోచింగ్ సెంటర్ వాళ్లు, సీనియర్లు కూడా అదే రాయమంటారు.

రాయకండి. 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ముగ్గురు జడ్జిల ధర్మాసనం దీని గురించి వివరంగా చెప్పింది. చిన్న కేసు ఉండి నిజం చెబితే, యజమాని దాన్ని చూసి, ఆలోచించి, క్షమించి ఉద్యోగం ఇవ్వొచ్చు. ఇచ్చి తీరాలని లేదు. కానీ దారి తెరిచే ఉంటుంది. కావాలని దాచిపెట్టి తర్వాత బయటపడితే, ఆ దాచడమే ఉద్యోగం తీసేయడానికి కారణం కావచ్చు. శిక్షణ అయ్యాక, పోస్టింగ్ వచ్చాక, పెళ్లి అయ్యాక కూడా ఆ కాగితం మీ మీదకి రావచ్చు.

కాబట్టి తమ్ముడూ, ఆ గడిలో ఉన్నది ఉన్నట్టు రాయి. ఏ స్టేషను, ఏ కోర్టు, ఏ తేదీ, ఎంత జరిమానా. కోర్టు ఇచ్చిన కాగితం నకలు జతచెయ్యి. జరిమానా రసీదు పోగొట్టుకుంటే కోర్టులో దరఖాస్తు పెట్టుకుని సర్టిఫైడ్ కాపీ తీసుకో. దానికి కొన్ని రోజులు పడుతుంది, అందుకని ఫారం వచ్చేదాకా ఆగకుండా ఈ వారమే వెళ్లు.